గ్రామపాఠశాలయు బాలల సహవాసమును

ఉదయము ఎనిమిది గంటల వేళ శ్రీకాకుళము, విజయనగరము జిల్లాలలోని ఏ పెద్దగ్రామమునకు బోయినను ఒక దృశ్యము కన్పట్టును. రచ్చబండ యొద్ద పసుపుపచ్చని బడిబండి యొకటి వచ్చి నిలుచును. టైలును బూట్లును ధరించిన పిల్లలు దానిలో నెక్కి పట్టణమునకు బోవుదురు. ఆ బండి లేపిన దుమ్ము అణగకముందే అదే వీధిలోని మఱికొందఱు పిల్లలు సంచులు భుజమున వైచికొని ఊరిబడికి నడచుదురు. ఈ రెండు గుంపుల వారును ఒకే గ్రామదేవత జాతరలో తిరిగిన పిల్లలే. కాని యొకరి పేరు మఱొకరెఱుగరు. రేపు వీరిలో ఒకడు భూమి గలవాడగును, మఱొకడు ఆ భూమిని కౌలునకు దున్నువాడగును. పంచాయతీ యెన్నికలలో ఇరువురును ఎదురెదురు కక్షలలో నిలువవచ్చును. ఆనాడు వారి నడుమ మాట పొసగవలెనన్నచో బాల్యమున ఒక్క ఆటయైనను కలసి యాడియుండవలదా?

బిడ్డ బడిలో నేర్చునది అక్షరములు మాత్రమే యను భ్రమ మనలో బలముగా నాటుకొనియున్నది. అయిదేండ్ల శిశువు తనవారు కాని వారి నడుమ తొలిసారిగా దినమంతయు కూర్చుండునది ప్రాథమిక పాఠశాలలోనే. ఇంటిలో అలిగినచో అమ్మ బుజ్జగించును. బడిలో అలిగినవానికొఱకు ఆట ఆగదు. వాడే తిరిగివచ్చి చేరవలెను. తన వంతు వచ్చువఱకు ఓర్చియుండుట, ఓడితినని యొప్పుకొనుట, బలపము లేనివానికి తన బలపము విఱిచి యిచ్చుట, మాట తడబడు పిల్లను జూచి నవ్వకుండుట, ఇవన్నియు ఆ లేతవయస్సున అబ్బవలసిన గుణములు. ముదిరిన పిమ్మట ఉపన్యాసములచే అబ్బవు. పురపాలక సంఘముల సమావేశములలో పెద్దలు ప్రవర్తించు తీరును జూచినవారికి ఈ సంగతిని వేఱుగా నిరూపింప నక్కఱలేదు.

పూర్వపు వీధిబడిని మేము పొగడబూనలేదు. కోదండమును, గోడకుర్చీని, బెత్తమును ఎఱిగినవారెవ్వరును దానిని పొగడరు. ఆడపిల్లలకును, అంటరానివారని త్రోయబడిన కులముల పిల్లలకును దాని అరుగు పెక్కుచోట్ల అందనేలేదు. అయినను ఆ బడిలో రెండు మంచి యాచారములుండెను. పెద్దపిల్లవాడు చిన్నపిల్లవానిని ప్రక్కన కూర్చుండబెట్టుకొని యిసుకలో అక్షరములు దిద్దించుట యొకటి. మన దక్షిణదేశపు వీధిబడులలో పిల్లలు ఇసుకలో వ్రాయుటను ఆండ్రూ బెల్ అను స్కాట్లండు దేశీయుడు చెన్నపట్టణమున జూచి, ఎగ్మూరునందలి సైనికానాథ బాలుర శాలలో పిల్లలచేతనే పిల్లలకు చదువు చెప్పించి, 1797లో లండనునందు దానిని గూర్చి గ్రంథము ప్రకటించెను. ఇంగ్లండు దేశపు బీదపిల్లల బడులు పెక్కింటిలో తరువాత ఆ పద్ధతియే నడచినది. మనమో, దానిని నాగరకము కాదని విడిచిపెట్టితిమి. రెండవది దసరా పండుగ. అయ్యవారు పిల్లలను వెంటనిడుకొని, వారి చేతులలో విల్లంబులుంచి, పద్యములు పాడించుచు ఇల్లిల్లును తిరిగెడివారు. గృహస్థులు గురువునకు కట్నమును, పిల్లలకు పప్పుబెల్లములను ఇచ్చెడివారు. ఏడాదికొక దినమైనను బడి ఊరిలోనికి వచ్చెడిది. ఊరు బడిని తన గడపలో జూచెడిది.

విజయనగరమున 1870ల చివరి యేండ్లలో మహారాజావారి ఇంగ్లీషు పాఠశాలయందు ఇద్దఱు బాలురు సహాధ్యాయులుగా నుండిరి. ఒకరు గుఱజాడ అప్పారావుగారు, మఱొకరు గిడుగు రామమూర్తిగారు. ఇరువురును తండ్రులను పోగొట్టుకొన్నవారే. గిడుగువారు బంధువుల యింట నుండి చదివిరి. గుఱజాడవారికి చంద్రశేఖరశాస్త్రిగారు తమ యింటనే వసతిని భోజనమును ఒసగి చదివించిరి. అప్పటి విజయనగరమున బీదవిద్యార్థి వారములు చేసికొని చదువుకొనుట సామాన్యమే. దినమునకొక గృహస్థుని యింట భోజనము. ఈ యాచారము కులపు హద్దు దాటలేదు, నిజమే. కాని పరుల బిడ్డ చదువు తమ యింటి బాధ్యత యని తలచిన గృహిణులు ఆ పట్టణమున నుండిరి. బాల్యమున ఒక్క తరగతిలో కుదిరిన ఆ స్నేహమే ఇరువదియైదు ముప్పది యేండ్లు గడచిన పిమ్మట 1906 ప్రాంతమున వాడుకభాషోద్యమముగా పరిణమించినది. (ఈ సంపాదకీయపు భాషను జూచి గిడుగువారు నవ్వియుందురని మేమెఱుగుదుము. వారి నవ్వునకు మేము పాత్రులమే.)

శ్రీకాకుళమునకు చేరువ పర్వతాలపేటలో 1863 ఆగస్టు 29వ తేదీని జన్మించిన రామమూర్తిగారు 1880లో పర్లాకిమిడి రాజావారి పాఠశాలలో ఉపాధ్యాయులైరి. ఆ ప్రాంతపు కొండలలో సవరలు కలరు. వారి పిల్లలకు తెలుగు రాదు. చదువు చెప్పువారికి సవరభాష రాదు. పిల్లవాడే మన భాష నేర్చుకొని రావలెనని లోకులందఱును తలచుచుండగా, రామమూర్తిగారు తామే సవరభాషను నేర్చిరి. సవరలను తమ యింటికి పిలిపించి, వారి నోటనుండి మాటమాటయు విని వ్రాసికొనిరి. సొంతధనము వెచ్చించి పాఠశాలలు పెట్టి వారి భాషలోనే చదువు చెప్పించిరి. వారి సవర వ్యాకరణము 1931లోను, సవర-ఇంగ్లీషు నిఘంటువు 1938లోను వెలువడినవి. మేమిచట ప్రశంసించునది పాండిత్యమును గాదు. అర్థముకాని భాష మాటలాడు గదిలో కూర్చుండబెట్టిన బిడ్డ మొదట నేర్చునది మౌనమని ఆయన కనుగొనెను. మాటాడని బిడ్డతో తోటిపిల్లలు ఆడరు. ఆడనివాడు బడి మానును. ఈ గొలుసును మొదటి లంకెయొద్దనే తెంపవలెనని ఆయన యత్నము. ఈ విషయమున రాష్ట్రప్రభుత్వము మేల్కొని, సవరము మొదలగు ఎనిమిది గిరిజనభాషలలో ప్రాథమిక విద్య నారంభించునప్పటికి 2004 వచ్చినది. ఏటేట ఆగస్టు 29న తెలుగు భాషాదినోత్సవమని ఆయన పటమునకు పూలమాలలు వేయుదుము. ఆనాడు సీతంపేట కొండలలోని బడికి బోయి, సవరపిల్ల ఏ భాషలో పలుకరింపబడుచున్నదో విన్నవారు ఆ వక్తలలో ఎందఱు?

విజయనగరపు మఱొక ముచ్చట. 1919లో విజయరామ గజపతి మహారాజుగారు సంగీతకళాశాలను స్థాపించుటకు, తమ కొలువులోని యుద్యోగి యొకరి కుమారుడు అంధుడగుటయే కారణమని ఆ పట్టణమున చెప్పుకొందురు. చూపులేని ఒక్క పిల్లవానికొఱకు ఒక విద్యాలయము వెలసిన ఊరిలోనైనను, చెవిటిపిల్లను కుంటిపిల్లను బడికేల యని యింట నుంచుట తగదు.

ఇక నేటి స్థితి. బడిలో పిల్లలను కలుపు గొప్పసాధనము మధ్యాహ్నభోజనము. వండిన యన్నమునే పెట్టవలెనని 2001 నవంబరు 28న సుప్రీంకోర్టు రాష్ట్రముల నాదేశించెను; మన రాష్ట్రమున 2003 జనవరి నుండి అది నడచుచున్నది. 2024లో దానికి లంకలగన్నవరపు డొక్కా సీతమ్మగారి పేరు పెట్టిరి. ఆకలి యన్నవారి కులమడుగని యిల్లాలి పేరది. ఆ పేరునకు తగినట్లు పంక్తి నడచుచున్నదా? భూవసతి గల గృహస్థుడు తన బిడ్డకు వేఱుగా కారేజి పంపి, “బడియన్నము మనకెందుకు” అన్న దినమున, ఆ బిడ్డకు గణితముకన్న లోతుగా ఒక పాఠము చెప్పినవాడగుచున్నాడు. అన్నము బాగులేదేని బాగుచేయించు మాట ఆతనికి కలదు, కూలివానికి లేదు. ఆతని బిడ్డ ఆ పంక్తిలో కూర్చుండిననాడు పప్పు దానంతటదియే చిక్కబడునని మా నమ్మకము.

మన జిల్లాలకు ప్రత్యేకమైన బాధ యొకటి కలదు. వలస. తల్లిదండ్రులు హైదరాబాదునకో చెన్నపట్టణమునకో యిండ్లపనులకు బోయి, పిల్లలను అవ్వతాతల యొద్ద విడిచిపెట్టుదురు. తీరగ్రామముల జాలరులు గుజరాతువఱకు వేటకు బోవుదురు. అట్లు పోయిన మన జాలరులు 2018 నవంబరులో పాకిస్థాను వారిచే పట్టుబడి, 2020 జనవరిలో గాని విడుదలయి రాలేదు. ఆ పదునాలుగు నెలలు వారి పిల్లలు ఎచ్చెర్ల ప్రాంతపు తీరములలో ఏదో బడిలో కూర్చుండి ఎక్కములు చెప్పుచునే యుండిరి. అట్టి బిడ్డ పరధ్యానమున నున్నచో దండించుటయా, ప్రక్కన మఱొక పిల్లను కూర్చుండబెట్టుటయా, ఏది చేయవలెనో ఏ పాఠ్యపుస్తకమును చెప్పదు. బిడ్డ యింటిసంగతి నెఱిగిన ఉపాధ్యాయుడే చేయగలడు. ఒక్క ఉపాధ్యాయుడు రెండు మూడు తరగతులను మోయుచు, మధ్యమధ్య లెక్కలకును పటములకును సెల్లుఫోనునకును అంకితుడైయున్నచో, ఆయనకు బిడ్డ ముఖము జూచు తీరిక యెక్కడిది? దండన చేయరాదని 2009 నాటి విద్యాహక్కు చట్టపు 17వ విభాగము స్పష్టముగా శాసించినది. తీరికను మాత్రము ఏ విభాగమును ఒసగలేదు.

తప్పంతయు పట్టణపు బడికి బిడ్డలను పంపు తల్లిదండ్రులదే యనుట న్యాయము గాదు. 2022 జూనులో ప్రభుత్వము 117వ సంఖ్యగల ఉత్తరువు ద్వారా 3, 4, 5 తరగతులను సమీపపు ఉన్నతపాఠశాలలకు తరలింప బూనినది. పెక్కు గ్రామములలో బడియన ఒకటి రెండు తరగతులును ఒక ఉపాధ్యాయుడును మాత్రమే మిగిలినవి. చెల్లెలి చేయి పట్టుకొని బడికి దీసికొనిపోవు అన్న వేఱుబడికి బోయెను. రాజమార్గము దాటవలసి వచ్చిన తల్లులు రోడ్డెక్కి మొఱపెట్టిరి. 2025లో ఆ ఉత్తరువు రద్దయినది గాని, నడుమ బండి యెక్కిన పిల్లలు ఊరిబడికి మరలి వచ్చుట సులభము గాదు. లెక్కల సౌకర్యమునకై బడులను కలుపుచు విడదీయుచు నుండు అధికారులు, అయిదేండ్ల బిడ్డకు స్నేహితుడనువాడు బదిలీ చేయదగిన ఉద్యోగి కాడని గ్రహింపవలెను.

మఱి మా చదువరులు చేయదగినదేమి? బిడ్డను ఊరిబడికే పంపుడని మేము కోరుదుము. పంపరని యెఱిగియు కోరుదుము. పంపనివారికిని పని కలదు. చట్టపు 21వ విభాగము ప్రకారము ప్రతి ప్రభుత్వపాఠశాలకును నిర్వాహకసంఘ ముండవలెను. అందు నాలుగింట మూడుపాళ్లు తల్లిదండ్రులు, సగము స్త్రీలు. ఆ స్థానములకు భూస్వాముల మనుష్యులను జొప్పించుట మానవలెను. కూలికి బోవు తల్లి సభకు వచ్చిన దినమున ఆమె కూలి కోయకుండవలెను; ఈ యొక్క మేలు చేసినను చాలును. 2024 డిసెంబరు 7న రాష్ట్రమంతటను ఒకేనాడు తల్లిదండ్రుల సమావేశములు జరిగినవి. ముగ్గులు పెట్టిరి, ఛాయాపటములు దీసిరి, సంతోషమే. కాని బడిబావి మర యేల పనిచేయలేదు, ఆడపిల్లల మరుగుదొడ్డికి గడియ యేల లేదు అను ప్రశ్నలు సంబరము లేని సామాన్యదినములలో అడుగవలసినవి.

చెడుగుడు, బిళ్లంగోడు, తొక్కుడుబిళ్ల ఆడుటకు చోటు లేని బడులు మన ప్రాంతమున పెక్కు కలవు. అట్టి బడి ప్రక్కన కళ్లము గల రైతు మా చదువరులలో నుండకపోడు. నూర్పులు ముగిసి, సంక్రాంతి దాటిన పిమ్మట బడి సెలవులిచ్చువఱకు ఆ కళ్లము బోసిగానే యుండును. ముండ్లకంప తీసివేసి, సాయంకాలము ఒక గంటసేపు దానిని పిల్లలకు విడువవలసినదని ఆ రైతును కోరుచున్నాము. అప్పటికి పట్టణపు బండియు తిరిగివచ్చును. దానిలోనుండి దిగిన తన మనుమని గూడ ఆ యాటలోనికి పంపినచో మఱియు సంతసింతుము.