పసుపు కాగితం మీద పెండ్లి పిలుపు

ఈవారం శుభలేఖల ముచ్చట. మా జనగామలో ఇప్పుడు పిల్లలే పాతకాలపు కార్డులు కావాలంటున్నారు. ఆ కార్డులకు మెరుపులెక్కడివి? పసుపుపచ్చ కాగితం, ఎర్రసిరా, పైన వినాయకుడు, నాలుగు మూలలా పసుపు. అంటించని కవరులో బుక్‌పోస్టుగా తక్కువ ఖర్చుతో వెళ్లేవి.

దగ్గరి బంధువులకు ఓ పాతిక ఇంట్లోనే చేసుకోవచ్చు. అరగ్లాసు నీళ్లలో చెంచాడు పసుపు కలిపి, వడగట్టి, మందపాటి తెల్ల కాగితానికి దూదితో పూసి నీడన ఆరబెట్టండి. ఎండలో పెడితే రంగు వెలిసిపోతుంది. తాంబూలం సున్నంలో నీళ్లు పోసి, పైన తేరిన తేటలో సన్న కుంచె ముంచి గీస్తే గీత ఎర్రగా లేస్తుంది. మన పారాణి ఎరుపూ ఇదే కదా! అయితే ఈ ఎరుపు కొన్నాళ్లకు మాసిపోతుంది. అందుకని దీంతో అంచులు మాత్రమే వేసి, పేర్లూ ముహూర్తమూ సిరాతో రాయండి. అంచుకు మా పక్కనున్న పెంబర్తి ఇత్తడి నగిషీల్లోని లతలు చూసి గీస్తే ఎంతో అందం. సున్నం చేయి కళ్లకు తగలనీయకండి.

"బంధుమిత్ర సపరివారంగా" అన్న నిండైన పిలుపు అలాగే ఉంచండి. ఒక్కటి మాత్రం పాత కార్డులోది దించుకోవద్దు. చాలావాటిలో "శ్రీమతి అండ్ శ్రీ" అని వేసి, పక్కన తండ్రి పేరొక్కటే ఉండేది. పసుపు దంచిన దగ్గర్నుంచి ఒడిబియ్యం దాకా అన్నీ చూసుకునే తల్లి పేరేది? ఆమె పేరు పూర్తిగా రాయించండి. ప్రెస్సువాళ్లు పాత నమూనానే దించేస్తుంటారు. ప్రూఫు రాగానే ముందు ఆ వరుసే చదవండి.