వాడలో గ్యాస్ బండ: పేదరికాన్నే సగటు తీసిన సబ్సిడీ

నల్గొండ జిల్లాలోని మా ఊరికి పోయినప్పుడల్లా అమ్మ వంటింట్లో రెండు పొయ్యిలు కనిపిస్తాయి. లోపల గ్యాస్ పొయ్యి, వెనక వాకిట్లో మూడు రాళ్ల పొయ్యి. చాయ్, కూర గ్యాస్ మీద. అన్నం, స్నానానికి నీళ్లు, పప్పు కట్టెల మీద. "బండ ఉంది కదమ్మా, మళ్లీ పొగలో ఎందుకు?" అని అడిగితే ఒకటే జవాబు: "అయిపోతే ఎట్ల బిడ్డా? మళ్ల తొమ్మిది వందలు ఒక్కసారే యాడికెళ్లి తేవాలె?"

ఇంధనం పొదుపు మీద పత్రికల్లో, టీవీల్లో చిట్కాలు చెప్పేవాళ్లకు ఈ రెండో పొయ్యి కనిపించదు. గ్యాస్ వృథా అవుతోంది కాబట్టి ఖర్చు పెరుగుతోందన్నది వాళ్ల లెక్క. ఎస్సీ వాడల్లో వృథా చేసేంత గ్యాస్ ఎక్కడిది? అక్కడ పొదుపు ఎప్పటినుంచో జరుగుతూనే ఉంది. దాని ఖర్చు మాత్రం ఆడవాళ్ల ఊపిరితిత్తుల్లోకి, కట్టెలు ఏరడానికి పోయే పూటల్లోకి పోతోంది.

కనెక్షన్ వేరు, రీఫిల్ వేరు

ఉజ్వల పథకం 2016 మే 1న మొదలైంది. మొదట 2011 సామాజిక ఆర్థిక సర్వేలో పేదలుగా తేలిన ఇళ్లకు కనెక్షన్లు ఇచ్చారు. 2018లో ఎస్సీ, ఎస్టీ కుటుంబాలన్నిటినీ అర్హుల జాబితాలో చేర్చారు. ఇది మంచి నిర్ణయమే. కానీ తొలి విడతలో పొయ్యిని, మొదటి బండను చాలామందికి అప్పుగా ఇచ్చి, ఆ అప్పును రావాల్సిన సబ్సిడీలోంచి పట్టుకున్నారు. 2020 మధ్య నుంచి సబ్సిడీ దాదాపు ఆగిపోయింది. 2022 మేలో ఉజ్వల లబ్ధిదారులకు మాత్రం బండకు 200 రూపాయల చొప్పున మళ్లీ ఇచ్చారు. 2023 అక్టోబరులో దాన్ని 300 చేశారు. 2025-26కు ఆ సబ్సిడీని ఏడాదికి 12 బండల నుంచి 9కి కుదించారు.

కేంద్రం చెప్పే లెక్కల ప్రకారమే 2024-25లో ఉజ్వల కుటుంబం సగటున నాలుగున్నర బండలు కూడా వాడలేదు. ఒక బండ రెండున్నర నెలలకు పైగా వచ్చిందన్న మాట. నలుగురైదుగురున్న ఇంట్లో మూడు పూటల వంటా గ్యాస్ మీదే చేస్తే అన్ని రోజులు రాదు. మిగతా వంట కట్టెల మీదే అవుతోంది.

మూడేళ్ల సగటు అనే ఉచ్చు

తెలంగాణ ప్రభుత్వం 2024 ఫిబ్రవరిలో మహాలక్ష్మి కింద 500 రూపాయలకే గ్యాస్ ప్రారంభించింది. అప్పటి మార్గదర్శకాల్లో ఒక నిబంధన ఉంది. ఏ ఇంటికి ఎన్ని సబ్సిడీ బండలు ఇవ్వాలన్నది ఆ ఇల్లు అంతకుముందు మూడేళ్లలో సగటున ఎన్ని వాడిందో చూసి తేలుస్తారు.

ఆ మూడేళ్లు ఎలాంటివో గుర్తు తెచ్చుకోండి. కేంద్ర సబ్సిడీ ఆగిపోయిన కాలం, కరోనాతో కూలి పోయిన కాలం, 2022-23లో హైదరాబాద్‌లో బండ ధర 1,100 దాటిన కాలం. అప్పుడు కొనలేక కట్టెల పొయ్యికి తిరిగిపోయిన ఇంటికి సగటు మూడో నాలుగో వస్తుంది. నెలకో బండ కొనగలిగిన ఇంటికి పన్నెండు దాకా వస్తుంది. రెండు ఇళ్లకూ తెల్ల రేషన్ కార్డే ఉన్నా, ఎక్కువ లేమి అనుభవించిన ఇంటికి తక్కువ సబ్సిడీ దక్కుతుంది. దుబారాను ఆపడానికి పెట్టిన నిబంధన నిన్నటి పేదరికాన్ని రేపటి హక్కుకు కొలబద్ద చేసింది. ఇందులో కులం అనే మాట ఎక్కడా లేదు. అయినా దెబ్బ పడేది ఎవరి మీదో వాడల్లో తిరిగినవాళ్లకు తెలుసు.

రెండో చిక్కు ముందు చెల్లింపు. 2025 ఏప్రిల్‌లో ధర పెరిగాక హైదరాబాద్‌లో బండ 905 రూపాయలు అయింది. 2025-26లో ఉపాధి హామీ కూలి రోజుకు 307. అంటే దాదాపు మూడు రోజుల కూలి ముందు పెట్టాలి, సబ్సిడీ తర్వాత ఖాతాలో పడుతుంది. ఆంధ్రప్రదేశ్‌లో 2024 దీపావళికి మొదలైన దీపం-2లో నాలుగు నెలలకు ఒకటి చొప్పున ఏడాదికి మూడు బండలు ఉచితం. అక్కడా పద్ధతి ఇదే: ముందు డబ్బు కట్టాలి, పల్లెల్లో 48 గంటల్లో వాపసు వేస్తామన్నారు. ఆధార్, బ్యాంకు ఖాతా, ఈకేవైసీలో ఎక్కడ తేడా వచ్చినా ఆ ఉచితం కాగితం మీదే ఉండిపోతుంది.

కట్టె కూడా ఉచితం కాదు

"కట్టెలు ఊరికే దొరుకుతాయిగా" అనేవాళ్లు ఆ కట్టె ఎవరి గట్టు మీద ఉందో చూడాలి. భూమి లేని మాదిగ, మాల ఇళ్ల ఆడవాళ్లు సర్కారు తుమ్మకో, పత్తి కట్టెకో, ఎండిన కొమ్మలకో ఇంకొకరి చేను గట్టుకే పోవాలి. చేను ఆసామి తిట్టినా పడాలి, పొమ్మంటే పోవాలి, అవసరమైతే ఒక పూట ఊరికే పని చేసిపెట్టాలి. మా అమ్మ తరం ఆ మాటలు పడింది. బండ ఇంటికి రావడమంటే పొగ తగ్గడమే కాదు, ఆ గట్టు దగ్గర చేయి చాచే అవసరం తగ్గడం కూడా.

నిజంగా పనికొచ్చే లెక్క

వంట చిట్కాలు దండగని అనను. నీళ్లు మరగడం మొదలయ్యాక మంట ఎంత పెంచినా వేడి పెరగదు, ఆవిరే పోతుంది. అందుకే మరిగాక సిమ్‌లో పెట్టాలి. మూత పెట్టాలి. పప్పు, శనగలు నానబెట్టి కుక్కర్‌లో వండాలి. మంట గిన్నె అంచు దాటకూడదు. బర్నర్ రంధ్రాలు మూసుకుపోయి మంట పచ్చగా వస్తే శుభ్రం చేయాలి. కానీ కుక్కర్ కొనడానికీ డబ్బు కావాలి.

కరెంటు పొయ్యి సంగతి చూద్దాం. 14.2 కిలోల బండలో సుమారు 180 యూనిట్ల శక్తి ఉంటుంది. గ్యాస్ పొయ్యి మీద అందులో 60 శాతం వంటకు అందుతుందనుకుంటే, అదే వంట ఇండక్షన్ మీద చేయడానికి 130 యూనిట్ల దాకా కావాలి. బండ నెలన్నర వచ్చే ఇంటికి ఇది నెలకు 85 యూనిట్లు. తెలంగాణలో గృహజ్యోతి కింద 200 యూనిట్ల దాకా బిల్లు లేదు. బల్బులు, ఫ్యాను, టీవీకి 80 యూనిట్లు వాడే ఇల్లు ఇండక్షన్ పెట్టుకున్నా ఆ లోపే ఉంటుంది. కాగితం మీద చూస్తే వంట ఖర్చు సున్నా.

వాడలోకి వస్తే లెక్క మారుతుంది. ఎండాకాలంలో కూలర్ తోడై మీటరు 200 దాటితే, దాటిన యూనిట్లకే కాదు, మొత్తానికి బిల్లు కట్టాలి. ఇండక్షన్ పొయ్యి 1,500 నుంచి 2,000 వాట్లు లాగుతుంది. రెండు బల్బుల కోసం వేసిన సన్నని వైరు దాన్ని మోయలేదు, లో వోల్టేజీలో పొయ్యి సరిగా పనిచేయదు. ఇంట్లో ఉన్న సత్తు గిన్నెలు దాని మీద వేడెక్కవు, అడుగు చదునుగా ఉన్న ఇనుము రకం గిన్నెలు కొనాలి.

ఏం అడగాలి

ఒకటి, మూడేళ్ల సగటు నిబంధన తీసేసి కుటుంబ సభ్యుల సంఖ్యను బట్టి బండలు ఇవ్వాలి. రెండు, లబ్ధిదారు తన వాటా మాత్రమే కట్టి బండ తీసుకోవాలి, మిగతాది ప్రభుత్వమే నేరుగా కంపెనీకి కట్టాలి. మూడు, ఒక్కసారే అంత డబ్బు పెట్టలేని ఇళ్లకు 5 కిలోల బండలు సబ్సిడీతో ఊళ్లోనే దొరకాలి. నాలుగు, ఎస్సీ ప్రత్యేక నిధిని సాధారణ పథకాల ఖాతా నింపడానికి కాకుండా, కాలనీల్లో వైరింగ్, ట్రాన్స్‌ఫార్మర్లు, కుక్కర్లు, ఇండక్షన్ పొయ్యిల కోసం ఖర్చు చేయాలి.

విద్యార్థి మిత్రులు సెలవుల్లో ఊరికి వెళ్లినప్పుడు ఒక పని చేయవచ్చు. మీ వాడలో ఇరవై ఇళ్ల గ్యాస్ పుస్తకాలు చూడండి. ఏడాదికి ఎన్ని బండలు వచ్చాయి, ఎన్నింటికి సబ్సిడీ పడింది, ఎన్నాళ్లకు పడింది, రెండో పొయ్యి ఎన్ని వాకిళ్లలో ఉంది అని రాసుకోండి. ఆ నాలుగు లెక్కలతో మండలాఫీసుకు, కలెక్టరేట్ ప్రజావాణికి వెళ్తే, అందరికీ కనెక్షన్ ఇచ్చేశామన్న జవాబుతో ఎవరూ తప్పించుకోలేరు. మా వాడలో ఆ లెక్క మా అమ్మ వాకిట్లోని పొయ్యి నుంచే మొదలుపెట్టాను.