అతిథులు వచ్చేదాకా ఆడుతూ ఉండండి

ఈ శీర్షిక నాది కాదు. మా ఏజెన్సీలో ఒక చలికాలం జరిగిన ఉత్సవంలో మైకు పట్టుకున్న ఆయన అన్న మాట. ఏ ఏడాది, ఏ శాఖ అన్నది రాయను. ఏ ఏడాది పేరు పెట్టినా చదివేవాళ్లలో సగంమంది "అవును, ఆరోజు మేమూ ఉన్నాం" అంటారు.

మా బడి నుంచి పన్నెండు మంది ఆడపిల్లల్ని థింసాకు పంపమని ఫోను వచ్చింది. నేనే వెంట వెళ్లాను. పదిగంటలకల్లా ఉండాలన్నారు, ఉన్నాం. మాకు పక్కనే మా ఊరి ఆడవాళ్ల జట్టు, వాళ్లలో మా పిన్ని. ముఖ్య అతిథి వచ్చేసరికి మూడున్నర దాటింది. ఈలోపు ఎవరి కారు శబ్దం వినపడ్డా "వచ్చేశారు, మొదలుపెట్టండి" అని ఒకరు పరిగెత్తుకొచ్చేవారు. నాలుగోసారి ఆడుతుంటే మోరి ఊదే తాత పెదాలు ఎండిపోయి ఊపిరి అందక ఆపేశాడు. అప్పుడు మైకులో వచ్చింది ఆ మాట: "అమ్మా, ఆపకండి. అతిథులు వచ్చేదాకా ఆడుతూ ఉండండి."

అతిథి వచ్చారు. తలకు ఈకల టోపీ పెట్టించుకున్నారు. మా పిన్ని భుజం మీద చెయ్యి వేసి రెండడుగులు వేశారు, ఫొటోలు అయ్యాయి, వేదిక ఎక్కారు. మర్నాడు పేపర్లో ఆ ఫొటో కింద ఆయన పేరు, హోదా, ఆయన పక్కనున్న ఇద్దరి పేర్లు, హోదాలు ఉన్నాయి. మా పిన్ని "గిరిజన మహిళ". ఈకల టోపీ మా ఊళ్లో ఎవరికీ లేదన్న సంగతి సరే సరి.

ఇందులో నా తప్పు కూడా ఉంది. పిల్లల్ని ఎండలో నిలబెట్టింది నేనే. "తలనొప్పి మేడం" అన్న పిల్లను కూర్చోమనడానికి కూడా అటూ ఇటూ చూశాను. అందుకే ఈ వ్యాసం.

థింసా గురించి బయటివాళ్లకు తెలిసింది ఒక్కటే: ఆడవాళ్లు ఒకరి నడుం వెనక నుంచి ఒకరు చేతులు కలుపుకుని వరసగా, గుండ్రంగా ఆడతారని. మనకు తెలిసింది వేరు. థింసా ఒకటి కాదు. గ్రామదేవత ముందు ఆడేది బోడ థింసా. ఆకులు ఏరే పనిని ఆటలోకి తెచ్చుకున్నది పోతర్ తోలా థింసా. పులి మీద పడితే ఎలా తప్పించుకోవాలో చెప్పేది భాగ్ థింసా. భుజాలతో ఒకరినొకరు నెట్టుకుంటూ ఆడేది కుండ థింసా. మోరి, కిరిడి, తుడుము, డప్పు, జోడుకొమ్ములు ఏది ఎప్పుడు మారితే అడుగు అప్పుడు మారుతుంది. వాయించేవాళ్లు ఆడేవాళ్ల కాళ్లు చూస్తారు, ఆడేవాళ్లు వాయించేవాళ్ల మొహం చూస్తారు. ఎప్పుడు ఆపాలో వాళ్లే తేల్చుకుంటారు. వేదిక మీద మాత్రం ఏడు నిమిషాలు. పక్కన ఒకాయన చెయ్యి ఊపితే ఆపాలి. ఏడు నిమిషాల్లో పులి రాదు, ఆకు దొరకదు. అన్నీ కలిపి ఒక ముద్ద చేసి "థింసా నృత్యం" అంటారు. మా బడి పిల్లలు ఇప్పుడు నేర్చుకుంటున్నది ఆ ముద్దనే. బోడ థింసాకీ కుండ థింసాకీ తేడా అడిగితే ఏడో తరగతి పిల్ల నా మొహం చూసింది.

అరకులోయ గిరిజన మ్యూజియంలో బొమ్మలున్నాయి. వాటికి దాహం వేయదు, బస్సు తప్పిపోతుందన్న బెంగ ఉండదు, పేరు అడగవు. మనల్ని పిలిచేవాళ్లకు కావలసింది సరిగ్గా అలాంటి మనుషులే.

పండుగకు ఎవరు ఎవర్ని పిలుస్తారన్నదే నాకు ముఖ్యం. చైత్రంలో ఇటుకల పండుగ చూడండి. రోజు పెట్టేది దిశారి. శంకుదేవుడి దగ్గర విత్తనాలు పెట్టి పూజ చేస్తాం. మగవాళ్లు వేటకు వెళ్తారు, ఉత్త చేతులతో తిరిగొస్తే ఆడవాళ్ల ఎగతాళి పడాలి. ఊరి ఆడవాళ్లు రోడ్డుకు అడ్డంగా కర్ర పెట్టి, పాడుతూ, వచ్చేపోయే బండినల్లా ఆపుతారు. జీపు అయినా, ఆఫీసరు గారి కారు అయినా ఆగాలి, పండుగ డబ్బులు ఇచ్చి కదలాలి. ఆ రోజు మన రోడ్డు మీద ఆయన ఆగుతాడు. అదే ఆయన జనవరిలో మనల్ని మైదానంలో ఆరు గంటలు ఆపుతాడు. ఒకే మనుషులు, ఒకే పాట. మారిందల్లా కర్ర ఎవరి చేతిలో ఉందన్నది.

2025లో జనవరి 31 నుంచి మూడు రోజులు అరకులో చలి ఉత్సవం జరిగింది. అంతకుముందు అరకు ఉత్సవ్ అనేవారు. పేరులోనే ఉంది ఎవరికోసమో. చలి మనకు పండుగ కాదు. కొర్ర కొత్త ఉంది, కంది కొత్త ఉంది, చిక్కుడు కొత్త ఉంది, దేవతకు పెట్టందే మామిడికాయ నోట పెట్టం. చలికి మాత్రం మన పెద్దలెవరూ కొబ్బరికాయ కొట్టలేదు. చలి చూడటానికి వచ్చేది విశాఖ నుంచి, హైదరాబాద్ నుంచి రైలెక్కి వచ్చేవాళ్లు. రానివ్వండి. వాళ్లు వస్తే మన కాఫీ, మన పసుపు, మన వెదురుకంజి కూర అమ్ముడుపోతాయి. టూరిజం వద్దనడం లేదు నేను. మాడగడ మేఘాల కొండ దగ్గర తెల్లవారుజామున చుట్టుపక్కల ఊళ్ల ఆడవాళ్లు టూరిస్టులకు మన కట్టు కట్టించి, వాళ్లతో థింసా ఆడించి డబ్బు తీసుకుంటారు. కొందరు మన చదువుకున్నవాళ్లకు అది నామోషీగా ఉంది. "మన సంస్కృతిని ఫొటోకి అమ్ముకుంటున్నారు" అని నా ముందే అన్నారు. నాకైతే ఆ కొండ మీద ఆడవాళ్లే నయం. ధర వాళ్లు చెబుతారు, అలసిపోతే కూర్చుంటారు, టూరిస్టుది అడుగు తప్పితే నవ్వుతారు. చలికి ఒణుకుతూ చేసే కష్టమే అది, కాదనను. కానీ అక్కడ ఎవరి కోసమో ఎదురుచూస్తూ ఆడరు.

"ఇలాంటి కార్యక్రమాలు లేకపోతే థింసా ఎప్పుడో చచ్చిపోయేది" అంటారు. ఈ మాట చెప్పేవాళ్లు ఎప్పుడైనా చైత్రంలో మా ఊరికి వచ్చారా అని అడగాలనిపిస్తుంది. అయినా వాళ్ల మాటలో కొంత నిజం ఉంది. ఊళ్లో మోరి ఊదేవాళ్లు తగ్గారు. కుర్రాళ్లు పెళ్లికి సౌండు బాక్సులు తెస్తున్నారు. కానీ మోరి నేర్పడానికి ఒక గురువుకు నెలకింత అని ఇచ్చిన ఉత్సవం నేను చూడలేదు. టెంటుకీ, లైట్లకీ, సినిమా పాటలు పాడేవాళ్లకీ డబ్బు ఉంటుంది. మోరికి మాత్రం "ప్రోత్సాహం" ఉంటుంది.

బయటి లోకంలో దీన్ని వేరేలా చేసినవాళ్లు ఉన్నారు. లండన్‌లో నాటింగ్ హిల్ కార్నివాల్ పేరు ఇప్పుడు లోకమంతా తెలుసు. దాని మూలం ఒక నల్లజాతి స్త్రీ దగ్గరుంది. క్లాడియా జోన్స్, పుట్టింది ట్రినిడాడ్‌లో. కమ్యూనిస్టు అని అమెరికా ఆమెను జైల్లో పెట్టి, 1955లో దేశం నుంచి పంపేసింది. లండన్ వచ్చి 1958లో వెస్టిండియన్ గెజెట్ అనే పత్రిక పెట్టింది. ఆ ఏడాదే నాటింగ్ హిల్‌లో నల్లవాళ్ల మీద తెల్లవాళ్ల గుంపులు పడి కొట్టాయి. దానికి జవాబుగా 1959 జనవరి 30న ఆమె సెయింట్ పాంక్రాస్ టౌన్ హాల్లో కార్నివాల్ పెట్టింది. వీధుల్లో ఎండలో జరగాల్సిన పండుగను చలిలో నాలుగు గోడల మధ్య జరుపుకున్నారు. అక్కడ అమ్మిన పుస్తకం డబ్బుల్లో కొంత దేనికిచ్చారో తెలుసా? ఆ గొడవల్లో కేసులు పడ్డ కుర్రాళ్ల జరిమానాలు కట్టడానికి. పాటా ఉంది, ఆటా ఉంది, అందాల పోటీ కూడా ఉంది. బీబీసీ కూడా చూపించింది. చూడటానికి ఎవరొచ్చినా పిలిచింది వాళ్లే, డబ్బు ఎక్కడికి వెళ్లాలో చెప్పింది వాళ్లే. మన ఉత్సవంలో పోడు పట్టా రాక తిరుగుతున్న ఒక్క మనిషి సంగతి మైకులోకి వస్తుందా? వస్తే ఆ మైకు ఎంతసేపు పనిచేస్తుంది?

పోతర్ తోలా ఆడమంటారు. అడవిలో ఆకుకు వెళ్తే ఆపుతారు. 2006లో అటవీ హక్కుల చట్టం వచ్చింది కదా అంటే కాగితం చూపించమంటారు.

ఇక బడి సంగతి. నేను టీటీసీ చేసి టీచరయ్యింది జీవో నంబర్ 3 ఉండబట్టి. 2000 జనవరిలో వచ్చిన ఆ జీవో షెడ్యూల్డ్ ప్రాంతంలో టీచరు పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే అంది. 2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. మా వెనకాల డిప్లొమాలు పట్టుకున్న తమ్ముళ్లు, చెల్లెళ్లు ఇంకా ధర్నాల్లో కూర్చుంటున్నారు. ఇదివరకు ఉమ్మడి రాష్ట్రంలో ఎనిమిది భాషల్లో పిల్లలకు వాచకాలు చేశారు. కువి, కొండ, ఆదివాసీ ఒడియా, సవర, కోయ, గోండి, కొలామి, లంబాడీ. మా ఇంట్లో ఆదివాసీ ఒడియా. మా బడిలో సగంమంది కువి పిల్లలు, నా కువి అంతంతమాత్రం. ఒకటో తరగతిలో చేరిన పిల్ల నీళ్లు కావాలని తన మాటలో అడిగితే అర్థం చేసుకునే మనిషి తరగతిలో ఉండాలా వద్దా? ఆ మాట వినపడని ప్రభుత్వానికి అదే పిల్ల పాట మాత్రం వేదిక మీద వినిపించాలి. అదీ ఏడు నిమిషాలు. పాట అర్థం ఏమిటని ఇన్నేళ్లలో ఏ యాంకరూ అడగలేదు. అడగకపోవడమే మంచిదయింది ఒకసారి. ఆరోజు మా పిన్నివాళ్లు అప్పటికప్పుడు కట్టి పాడింది ఆలస్యంగా వచ్చే అల్లుడి మీద. అందరూ చప్పట్లు కొట్టారు.

ఇప్పుడు మనవాళ్లకు చెప్పాల్సింది చెబుతాను, కోపం వచ్చినా సరే. ఆగస్టు 9 ప్రపంచ ఆదివాసీ దినం. 1982లో ఐక్యరాజ్యసమితిలో ఆదివాసుల గురించిన కార్యవర్గం మొదటిసారి కూర్చున్న రోజది. హక్కుల మాట కోసం పెట్టిన రోజు. మన సంఘాలు, మన ఉద్యోగులు దాన్ని ఎలా చేస్తున్నాం? ఫ్లెక్సీలో ఎవరి ఫొటో ఎంత సైజు అని తగువు. డీజే. నాయకుల కోసం ఎదురుచూపు. వాన పడుతుంటే పిల్లలు గొడుగులు లేకుండా వరసలో. "ఆపకండమ్మా" అన్న మైకు గొంతు ఆ రోజు మనదే. ప్రభుత్వాన్ని తిట్టడం సులువు. మన ఉత్సవంలో మన మోరి తాతకు కుర్చీ వేయనిది మనమే.

వచ్చే ఆగస్టు 9 కోసం మా మండలంలో నేను అడగబోయేది ఇంతే. వచ్చిన ప్రతి జట్టులో ప్రతి మనిషి పేరూ ఊరి పేరుతో సహా కరపత్రంలో అచ్చు వేయాలి, అతిథుల పేర్లు ఏ సైజులో ఉంటే అదే సైజులో. పొద్దున ఒప్పుకున్న డబ్బు సాయంత్రానికి చేతికి ఇవ్వాలి, బ్యాంకులో పడుతుందిలే అని పంపేయకూడదు. అతిథి ఆలస్యమైతే ఆట ఆగదు, ఆయన కోసం మళ్లీ మొదలుకాదు. ఏ థింసా, ఎంతసేపు అన్నది జట్టే చెబుతుంది. ఆ థింసా ఏమిటో ఆడేవాళ్లలో ఒకరు తమ భాషలోనే ముందు మైకులో చెప్పాలి, తెలుగు తర్వాత. బడిపిల్లల్ని ఫోను మీద పిలవకూడదు, తల్లిదండ్రుల్ని అడగాలి. వసూలైన డబ్బులో మిగిలింది ఇద్దరు కుర్రాళ్లకు మోరి నేర్పే గురువుకు ఇవ్వాలి.

సంఘాల వాళ్లు ఏర్పాట్ల సమావేశం మామూలుగా జూలైలో పెడతారు. మీ మండలంలో మీరూ ఈ మాట లేవనెత్తండి. మా పిన్ని కూడా వస్తానంది, ఆరోజు ఫొటో ఉన్న పేపరు దాచి ఉంచింది, పట్టుకొస్తుందట.