రొద ఎవరిది?

సభ మొదలైంది. వక్త మైకు ముందుకు వచ్చి గొంతు సవరించుకున్నాడు. రెండు మాటలు పలికాడో లేదో, స్పీకరులోనుంచి "టిటిక్ టిటిక్ టిటిక్" అంటూ ఒక వింత చప్పుడు బయలుదేరింది. దాని వెనుకనే జుర్రుమని రొద. మైకుసెట్టు కుర్రవాడు పరుగెత్తుకు వచ్చి తీగలమీద చెయ్యి వేసేలోగా ముందు వరుసలో ఒక పెద్దమనిషి జేబులో ఫోను మోగింది. అందరూ ఆయనవైపు తిరిగి చూశారు. ఆయన ఫోను నొక్కేసి, తనకేమీ సంబంధం లేనట్లు నిటారుగా కూర్చున్నాడు.

ఇలాంటి దృశ్యం చూడనివారు అరుదు. మన దేశంలో తొలి సెల్‌ఫోను సంభాషణ 1995 జూలై 31న జరిగింది. అప్పటి పశ్చిమ బెంగాల్ ముఖ్యమంత్రి జ్యోతిబసు కలకత్తానుంచి, ఢిల్లీలో ఉన్న కేంద్రమంత్రి సుఖ్‌రాంతో మాట్లాడారు. ఆ తరువాత పది పదిహేనేళ్లలో ఫోను ప్రతి జేబులోకీ వచ్చి చేరింది. దాని వెంట ఈ రొద కూడా సభల్లోకి, తరగతి గదుల్లోకి, పెళ్లి పందిళ్లలోకి వచ్చింది. చాలామంది దీన్ని చిన్న చికాకుగా భావించి ఆ నిమిషంలోనే మరచిపోతారు. నేను మరచిపోలేకపోయాను. దానికొక కారణం ఉంది.

2005లో జానపద గేయాల సేకరణకని హోసూరు ప్రాంతంలోని ఒక పల్లెకు వెళ్లాను. హోసూరు తమిళనాడులో ఉన్నా ఆ చుట్టుపక్కల ఊళ్లలో తరతరాలుగా తెలుగు మాట్లాడే కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. ఆ పల్లెలో ఒక అవ్వకు దంపుళ్ల పాటలు, తిరగలి పాటలు నోటికి వచ్చు. అక్షరం రాదు. పాట మాత్రం తడుముకోకుండా పాడేది. ఆ రోజు ఆమె పాడిన వాటిలో ఒకటి, అత్తవారింటికి బయలుదేరిన కూతురికి తల్లి చెప్పే మాటల పాట. అంతకుముందు నేను ఏ పుస్తకంలోనూ చూడనిది. టేపురికార్డరు అరుగుమీద పెట్టి దాని పక్కనే కూర్చున్నాను. ఫోను చొక్కాజేబులో ఉంది. మోగకుండా చేసి పెట్టాను కనుక జాగ్రత్తపడ్డాననే అనుకున్నాను.

పాట అయిపోయాక అవ్వ తన గొంతు తాను వినాలని ముచ్చటపడింది. టేపు వెనక్కి తిప్పి వినిపించాను. మొదటి రెండు చరణాలు చక్కగా వచ్చాయి. మూడో చరణం మొదలుకాగానే టిటిక్ టిటిక్ మని చప్పుడు, ఆపైన రొద. పాట మాటలు ఆ రొదలో మునిగిపోయాయి.

"ఏమి నాయనా, ఆ పెట్టెలో తుమ్మెద దూరిందా?" అని అవ్వ నవ్వింది. మళ్లీ తనే, "ఇంకోసారి పాడేదా?" అంది.

ఊరికి ఉన్నది సాయంత్రం బస్సు ఒక్కటే. అది వచ్చే వేళ అయింది. "మళ్లీ వస్తానవ్వా, అప్పుడు పాడుదువుగాని" అన్నాను. మళ్లీ వెళ్లడానికి నాకు ఆరునెలలు పట్టింది. అప్పటికి అవ్వ లేదు.

ఈ సంగతి ఒకసారి తరగతిలో చెప్పాను. వెనుక బల్లమీద కూర్చున్న ఒక అమ్మాయి లేచి, "మీ ఫోను మోగనే లేదు కదా సార్, మరి చప్పుడు ఎట్లా వచ్చింది?" అని అడిగింది. నాకు ఆ ప్రశ్న ఆరునెలలు ముందుగా తట్టి ఉంటే ఎంత బాగుండేది!

మోత ఆపినంత మాత్రాన ఫోను మాట్లాడటం మానదు. మనకు ఎవరైనా ఫోను చేస్తే, ముందు టవరు మన ఫోనును పేరుపెట్టి పిలిచినట్లు పిలుస్తుంది. "ఇదిగో, ఇక్కడున్నాను" అని ఫోను రేడియో తరంగాలతో బదులిస్తుంది. ఈ పలకరింపులు పూర్తయిన తరువాతే గంట మోగుతుంది. స్పీకరు వినిపించే టిటిక్ టిటిక్ ఈ పలకరింపే. కాబట్టి ఫోను రాబోతున్నదని స్పీకరు ముందే కనిపెట్టిందని అబ్బురపడనక్కరలేదు. జరుగుతున్నదే అది వినిపించింది. ఎవరూ పిలవకపోయినా ఫోను తాను ఎక్కడున్నదీ అప్పుడప్పుడు టవరుకు తెలియజేస్తూ ఉంటుంది. టవరు దగ్గరలో ఉంటే మెల్లగా చెబుతుంది, దూరమైతే గట్టిగా అరుస్తుంది. 900 మెగాహెర్ట్జ్‌లో పనిచేసే జీఎస్‌ఎం ఫోను అలా అరిచేటప్పుడు 2 వాట్ల వరకు శక్తిని వెలువరిస్తుంది. అవ్వ ఊరికి టవరు దూరం. నా జేబులోని ఫోను ఆ రోజు గొంతు చించుకుని ఉంటుంది.

అయినా ఒక చిక్కు ఉంది. 900 మెగాహెర్ట్జ్ అంటే సెకనుకు 90 కోట్ల కంపనాలు. మన చెవి వినగలిగేది సెకనుకు 20 నుంచి 20,000 కంపనాల వరకే. వినపడని తరంగం వినపడే రొదగా ఎలా మారింది?

దీనికి జవాబు ఆ ఫోనుల వంతుల పద్ధతిలో ఉంది. ఊరిబావికి గిలక ఒక్కటే ఉంటే ఎనిమిది ఇళ్లవాళ్లు వంతులవారీగా నీళ్లు తోడుకుంటారు కదా! 1991లో ఫిన్లాండులో వాడకంలోకి వచ్చిన జీఎస్‌ఎం పద్ధతి అటువంటిదే. ఒకే తరంగాన్ని ఎనిమిది ఫోనులు వంతులు వేసుకుని వాడుకుంటాయి. ఒక్కొక్క వంతు 0.577 మిల్లీసెకన్లు. ఎనిమిది వంతులు తిరిగి రావడానికి 4.615 మిల్లీసెకన్లు పడుతుంది. తన వంతు వచ్చినప్పుడు ఫోను ఒక్కసారి తరంగాన్ని వెదజల్లి, తక్కిన ఏడు వంతులు మౌనంగా ఉంటుంది. సంభాషణ సాగుతున్నంతసేపూ ఇలా సెకనుకు దాదాపు 217 సార్లు వెలిగి ఆరుతుంది. తరంగం వినపడదు, నిజమే. ఈ వెలగడం ఆరడం మాత్రం చెవికి అందే లెక్కలోనే ఉంది. హార్మోనియం తెలిసినవారికి ఇంకొక మాట: ఆరో శ్రుతి 220 కంపనాలు. రొద సరిగ్గా దాని పక్కనే, కాస్త దిగువన పలుకుతుంది. అంటే మనిషి గొంతు ఉండేచోటే అదీ వచ్చి కూర్చుంటుంది. దాని రెట్టింపులు, మూడింతలు కూడా మన మాటలమీదనే పడతాయి. అందువల్లనే అవ్వ పాటలోనుంచి రొదను మాత్రమే తీసివేయడం తరువాత ఎవరివల్లా కాలేదు.

ఇక మిగిలింది స్పీకరు పెట్టె చేసే పని. 900 మెగాహెర్ట్జ్ తరంగం పొడవు సుమారు 33 సెంటీమీటర్లు. దానిలో నాలుగోవంతు, అంటే 8 సెంటీమీటర్ల తీగ ఉన్నా ఏరియలుగా పనిచేస్తుంది. మైకు తీగలు, స్పీకరు తీగలు అంతకంటె ఎంతో పొడవు. అవి పట్టి తెచ్చిన తరంగం యాంప్లిఫయరులోని ట్రాన్సిస్టర్లలోకి చేరుతుంది. ట్రాన్సిస్టరులోని సంధి విద్యుత్తును ఒక దిక్కుకు సులభంగా పోనిచ్చి, ఎదురు దిక్కున అడ్డుకుంటుంది. అక్కడ 90 కోట్ల కంపనాలు రాలిపోయి, వెలిగి ఆరే ఆ 217 లెక్క మాత్రం మిగులుతుంది. యాంప్లిఫయరు దాన్ని వక్త మాటలతో సమానంగా పెంచి వినిపిస్తుంది.

ఇది కొత్త విద్య కాదు. జగదీశ్ చంద్ర బోసు 1895లో కలకత్తా టౌన్‌హాలులో, గోడల అవతలినుంచి తరంగాలు పంపి గంట మోగించి చూపించాడు. అటువంటి తరంగాలను పట్టడానికి ఆయన గెలీనా అనే సీసపు ఖనిజాన్ని వాడాడు. దానికి 1904లో అమెరికా పేటెంటు కూడా వచ్చింది. తొలినాటి రేడియోలు మాటలను పట్టుకున్నది ఇలాంటి స్ఫటికాలతోనే. బోసు ఎంతో శ్రమపడి చేయించిన పనిని మన మైకుసెట్టు ఎవరూ అడగకుండానే చేసిపెడుతున్నదన్నమాట! రేడియో కావాలని కొనని పెట్టె రేడియో అయి కూర్చుంది.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. రొద వచ్చినప్పుడు తప్పు ఎవరిది? సభలో అందరూ జేబులో ఫోను ఉన్న మనిషినే చూస్తారు. ఆయనది మర్యాదలోపం కావచ్చు. కాని తప్పంతా ఆయన మీదనో ఫోను మీదనో వేయడం న్యాయం కాదని నా అభిప్రాయం. ఫోనులో మాట్లాడేటప్పుడు ఆ ఫోను మైకు, తరంగాలు వెదజల్లే దాని ఏరియలుకు కొన్ని సెంటీమీటర్ల దూరంలోనే ఉంటుంది. అయినా అవతలివారికి మన మాట వినిపిస్తుందే తప్ప రొద వినిపించదు. ఎందుకంటే ఫోను చేసినవాడు ఆ కష్టాన్ని ముందే ఊహించాడు. మైకు పక్కన చిన్న కెపాసిటర్లు పెట్టి తరంగాన్ని పక్కదారి పట్టించాడు, లోపలి భాగాలకు లోహపు కవచం తొడిగాడు. నిప్పు పక్కన ఉన్న మైకునే కాపాడగలిగినప్పుడు, రెండడుగుల దూరంలో ఉన్న యాంప్లిఫయరును కాపాడలేరా? ఆ కెపాసిటరు ఖరీదైన వస్తువేమీ కాదు. దాన్ని పెట్టనివాడు చేసిన పొదుపుకు సభ మొత్తం శిక్ష అనుభవిస్తున్నది. కొనేటప్పుడు మనం కూడా ఎన్ని వాట్లు, ఎంత ధర అని అడుగుతామే కాని ఈ సంగతి అడగం.

వినికిడి యంత్రం పెట్టుకున్నవారి కథ వింటే ఇది వట్టి చికాకు వ్యవహారం కాదని తెలుస్తుంది. సభలో కూర్చున్నవాడికి రొద పది సెకన్లు. చెవిలోనే చిన్న యాంప్లిఫయరు ఉన్నవాడికి, ఫోను చెవికి ఆనించినంతసేపూ రొదే. 1990లలో జీఎస్‌ఎం ఫోనులు వచ్చిన దేశాల్లో ముందుగా గోలపెట్టింది వీరే. ఫోను పద్ధతిని రూపొందించినవారు ఎనిమిది వంతులు లెక్కగట్టారు కాని ఈ తొమ్మిదో మనిషిని ముందుగా లెక్కలో వేసుకోలేదు. అమెరికాలో చట్టప్రకారం మామూలు టెలిఫోనులు వినికిడి యంత్రాలకు అనుకూలంగా ఉండాలని 1988లోనే నిర్ణయించినా, సెల్‌ఫోనులకు మినహాయింపు ఇచ్చారు. 2003లో ఆ మినహాయింపును సవరించి, రొద తక్కువగా ఉండే ఫోనులు కొన్నయినా అమ్మి తీరాలని నియమం పెట్టారు. అక్కడి ప్రమాణాల్లో నాకు నచ్చినది ఒకటి ఉండేది. ఫోను ఎంత తక్కువగా బాధిస్తుందో దానికొక అంకె, వినికిడి యంత్రం ఎంత తట్టుకోగలదో దానికొక అంకె ఇచ్చి, రెండూ కలిపి చూసేవారు. భారం ఒకరి నెత్తినే వేయలేదు. ఐరోపాలో కూడా 1996నుంచి, విద్యుత్ పరికరం ఏదైనా ఇతర పరికరాలను బాధించకూడదు, తాను తట్టుకోగలగాలి అన్న నిబంధన తప్పనిసరి అయింది.

ఈ రొద విని, తరంగాలు మన మెదడులోనూ ఇలాగే రొద పెడుతున్నాయని భయపెట్టేవారు ఉన్నారు. ఆరోగ్యం సంగతి వేరే చర్చ. అది పరిశోధకులు తేల్చవలసినది. స్పీకరు రొద మాత్రం ట్రాన్సిస్టరు చేసే పని. దానితో మన శరీరానికి జరిగే మేలుకీడులను కొలవలేము.

కొత్త తరం ఫోనుల్లో ఈ 217 లెక్క లేదు. అందుకే ఈ రొద ఇప్పుడు తగ్గిపోయింది. మన మర్యాద పెరిగి మాత్రం కాదు. అయినా పాత పద్ధతి ఫోనులు ఇంకా ఎందరో పెద్దవాళ్ల జేబుల్లో, కొంగుముళ్లలో ఉన్నాయి. బడికి మైకుసెట్టు కొనబోయే ప్రధానోపాధ్యాయులకు నా మనవి ఇది: డబ్బు ఇచ్చేముందు అటువంటి బటన్ల ఫోను ఒకటి యాంప్లిఫయరుమీద పెట్టి, దానికి మరో ఫోనునుంచి పిలవండి. దుకాణదారు విసుక్కుంటాడు. విసుక్కోనివ్వండి. పదిమంది అలా చేస్తే పదకొండోవాడు రాకముందే ఆ సంగతి తయారుచేసేవాడి చెవిన పడుతుంది.

ఇప్పుడు పాటలు సేకరించే పిల్లలు ఫోనుతోనే రికార్డు చేస్తున్నారు. నన్ను దెబ్బతీసిన వస్తువే వాళ్లకు పనిముట్టు అయింది. మంచిదే. విమానం గుర్తు నొక్కి ఫోను ప్రసారాలు ఆపి రికార్డు చేయమనీ, పక్కన కూర్చున్నవాళ్ల ఫోనులు అవతలి గదిలో పెట్టించమనీ వాళ్లకు చెబుతుంటాను. ఇంకొకటి కూడా చెబుతాను: ఆ ఇంటి గడప దాటకముందే రికార్డు చేసినదంతా ఒకసారి వినండి, బస్సు పోతే పోనివ్వండి అని.

అవ్వ మనుమరాలు అదే ఊళ్లో ఉంది. ఆ మధ్య వెళ్లి టేపు వినిపించి, మూడో చరణంలో ఏముందని అడిగాను. కొంచెంసేపు ఆలోచించి ఒక పాదం చెప్పింది. అది అవ్వ పాడినదేనా అంటే, "ఏమో సార్, నేనే అల్లుకున్నానో ఏమో" అంది. నా దగ్గరున్న రాతప్రతిలో ఆ పాదాన్ని పెన్సిలుతో రాసుకున్నాను. మిగిలిన మూడు పాదాల చోటు ఖాళీగా ఉంది.