కొండవాగులకు సున్నం కన్నా నీడ ముఖ్యం

వేడిమి, ఆమ్లత్వం రెండూ కొండవాగుల జీవజాలానికి ముప్పే. అయితే ఒక ప్రాంతపు చికిత్స మరొక ప్రాంతానికి యథాతథంగా వర్తించదు. ఆమ్ల వర్షాలకు విరుగుడుగా స్వీడన్‌లో 1970ల నుండి సరస్సులలో, వాగులలో సున్నపురాయి పొడి కలుపుతున్నారు. కల్లూరుకు ఆగ్నేయాన బేతంచెర్ల, కోయిలకుంట్ల ప్రాంతాలలో సున్నపురాయి పొరలే విస్తారం. వాటి మీదుగా సాగే నీటిలో ఆమ్లం చాలావరకు సహజంగానే తటస్థమవుతుంది. నల్లమల క్వార్ట్‌జైట్ శిలలకు ఆ శక్తి లేదు గనుక, అక్కడి ఎగువ వాగుల ఉదజని సూచికను క్రమం తప్పక కొలవాలి.

వేడిమికి మాత్రం ఏ శిలా అడ్డుకట్ట వేయదు. 20 డిగ్రీల సెల్సియస్ వద్ద లీటరు నీటిలో సుమారు 9 మిల్లీగ్రాముల ఆక్సిజన్ కరుగుతుంది. 30 డిగ్రీల వద్ద అది 7.5కు తగ్గుతుంది. అదే సమయంలో చేపలకు, కీటకాల లార్వాలకు ఆక్సిజన్ అవసరం పెరుగుతుంది. వేసవిలో వాగు మడుగులుగా విడిపోయినప్పుడు ఈ లోటు ప్రాణాంతకం కాగలదు.

కనుక ఏరుమద్ది, కానుగ, నేరేడు వంటి గట్టు చెట్ల నీడే ఇక్కడ ప్రథమ చికిత్స. మరి రెండు సాళ్ల కోసం వాటిని నరికే అలవాటును మాన్పించడం వ్యవసాయ విస్తరణ కార్యక్రమాలలో భాగం కావాలి.