సర్టిఫికెట్టు సరే, బొమ్మలెన్ని?

పగలు పది దాటాక ఇంట్లో ఎవరుంటారు చెప్పండి? మనం, అత్తగారో మామగారో, ఇంకా బడికి పోని పిల్లలు. పెద్దాయన కుర్చీలోంచి ఒరిగిపోతే ముందు చూసేది మనమే. గుండె ఆగితే నాలుగైదు నిమిషాల్లోనే మెదడు దెబ్బతినడం మొదలవుతుంది. 108 బండి ఎంత తొందరగా బయలుదేరినా దారిలో ట్రాఫిక్ ఉండనే ఉంది. అది వచ్చేదాకా ఛాతీ నొక్కుతూ రక్తం ఆడేలా చూడటమే సిపిఆర్. దీనికి డాక్టరీ చదవక్కర్లేదు గాని, ఏ క్లాసులో చేరాలన్నది మాత్రం చూసుకోవాలి.

పేర్లు విని కంగారు పడకండి. బిఎల్ఎస్, ఏసిఎల్ఎస్ అనేవి ముఖ్యంగా నర్సులకు, డాక్టర్లకు. ఏసిఎల్ఎస్‌లో ఇసిజి చూడటం, మందులివ్వడం ఉంటాయి, మనకెందుకవి? అమెరికన్ హార్ట్ అసోసియేషన్ వాళ్ళు మనబోటివాళ్ళ కోసం హార్ట్‌సేవర్ అని వేరే పెట్టారు. మన దేశంలో ఇండియన్ రిససిటేషన్ కౌన్సిల్ ఫెడరేషన్ వాళ్ళ 'కోల్స్' కూడా సామాన్యుల కోసమే. అందులో నోట్లో నోరు పెట్టి ఊదే పనే లేదు, ఛాతీ నొక్కడమే. పరాయివాళ్ళ నోట్లో ఊదాలంటే బిడియపడేవాళ్ళకి ఇది హాయి. ఐతే ఇంట్లో చంటిపిల్లలుంటే ఊపిరి ఊదడం కూడా నేర్పే క్లాసే చూసుకోండి. పిల్లలకు చాలాసార్లు ముందు ఊపిరాడక, తర్వాత గుండె ఆగుతుంది.

డబ్బు కట్టేముందు ఒక్కమాట అడగండి: ఎంతమందికి ఎన్ని బొమ్మలు? మా కాలనీలో ఒకసారి ఎవరో వచ్చి క్లాసు పెట్టారు. నలభైమందికి ఒక్కటే బొమ్మ! తలా అరనిమిషం నొక్కించి, సాయంత్రానికి అందరి చేతుల్లో రంగురంగుల సర్టిఫికెట్లు పెట్టారు. ఫ్రేము కట్టించుకున్నవారూ ఉన్నారు. ఇంట్లో కూర్చుని ఫోనులో చూసే కోర్సులూ అంతే. చెవికి ఎక్కుతుంది గాని చేతికి రాదు. చంటిపిల్ల బొమ్మ ఉందా, షాక్ ఇచ్చే ఏఈడి పెట్టె పట్టుకోనిస్తారా, తెలుగులో చెబుతారా అని కూడా నిలదీసి అడగండి. మొహమాటం వద్దు, కూరగాయలకే అంత బేరమాడతాం.

క్లాసుకి చుడీదార్ అయితే మేలు. చీరే కట్టేవాళ్ళు పమిట పిన్ను పెట్టి దోపుకోండి, గాజులు తీసేయండి. నేలమీద మోకాళ్ళపై కూర్చుని నొక్కాలి. మోకాళ్ళ నొప్పులు, నడుం నొప్పి ఉన్నా, గర్భంతో ఉన్నా ముందే చెప్పండి. పెద్దవాళ్ళకి రొమ్ము ఎముక కింది సగం మీద, 5 సెంటీమీటర్లు తగ్గకుండా, 6 మించకుండా, నిమిషానికి 100 నుంచి 120 సార్లు నొక్కాలి. ప్రతిసారీ ఛాతీ పూర్తిగా పైకి లేవనివ్వాలి. జంతికల గొట్టం నొక్కేటప్పుడు ఒళ్ళంతా బరువేస్తామే, అలా మోచేతులు వంచకుండా వేయాలి. ఇంట్లో లెక్క, కూర్చునే పద్ధతి దిండు మీద సాధన చేసుకోండి. బతికున్న మనిషి మీద మాత్రం సరదాకైనా చేయొద్దు.

ఎప్పుడు చేయాలో కూడా అక్కడే గట్టిగా అడిగి తెలుసుకోండి. ఛాతీ నొప్పని మాట్లాడుతున్న మనిషికి సిపిఆర్ అక్కర్లేదు, ఆస్పత్రి కావాలి. పిలిస్తే పలక్క, ఊపిరి లేకపోయినా, ఎగశ్వాసలా అప్పుడొకటి అప్పుడొకటి తీస్తున్నా మొదలుపెట్టాలి. నోట్లో నీళ్ళో కాఫీయో పోయడం మాత్రం ప్రమాదం. పక్కటెముక విరుగుతుందేమోనని భయపడి ఆపొద్దు. ఎముక అతుక్కుంటుంది.

అమెరికా వాళ్ళ సర్టిఫికెట్టు రెండేళ్ళే చెల్లుతుంది. చెయ్యి అంతకంటే ముందే మరిచిపోతుంది కాబట్టి, అప్పుడప్పుడూ దిండు తీయండి. ఇంకోమాట, రెండు నిమిషాలు నొక్కేసరికి ఎంతటివాళ్ళకైనా చేతులు పడిపోతాయి, ఇంకొకరు అందుకోవాలి. క్లాసుకి ఒక్కరే వెళ్ళకండి. పక్కింటావిణ్ణి, ఆదివారమైతే మీవారిని కూడా లాక్కెళ్ళండి. పడిపోయేది మనమైతే నొక్కడానికి ఎవరో ఒకరు ఉండాలిగా!