గర్భిణికి సీటు బెల్టు ఎవరు నేర్పాలి?

సైదాబాద్ నుంచి కోఠికో, పేట్లబురుజుకో ప్రసూతి ఆసుపత్రికి కారులో బయల్దేరే గర్భిణికి ఇంట్లో తరచు వినిపించే మాట: "బెల్టు పెట్టుకోకు, బిడ్డకు నొక్కుకుంటుంది." ప్రేమతో చెప్పినా ఇది తల్లీబిడ్డలిద్దరికీ ప్రమాదమే. కారు దేనికైనా గుద్దుకుంటే బెల్టు లేని తల్లి ముందుకు విసిరినట్టు పడుతుంది. ఆ దెబ్బకు మాయ గర్భాశయం గోడ నుంచి విడిపోవచ్చు. తల్లిని కాపాడకుండా కడుపులో బిడ్డను కాపాడలేం.

కింది పట్టీ పొట్ట కిందుగా, తుంటి ఎముకల మీద బిగువుగా ఉండాలి. పై పట్టీ రొమ్ముల మధ్య నుంచి పొట్ట పక్కగా దిగాలి. దాన్ని చంక కిందకి నెట్టకూడదు. ప్రమాదం చిన్నదైనా, పైకి దెబ్బ కనిపించకపోయినా వెంటనే డాక్టరుకు చూపించుకోవాలి.

2019 సవరణ చట్టం బెల్టు పెట్టుకోనివారికి 1,000 రూపాయల జరిమానా విధించింది. మరి ఎలా పెట్టుకోవాలో గర్భిణికి చెప్పే బాధ్యత ఎవరిది? వెనక బెల్టును సీటు కవరు కింద కప్పెట్టిన క్యాబు యజమానిని అడిగేదెవరు? కార్ల భద్రతా పరీక్షల్లో దశాబ్దాల పాటు మగవాడి కొలతలతో చేసిన బొమ్మలనే ప్రమాణంగా వాడారు. ఇక బెల్టే లేని ఆటోలో వెళ్ళే పేద గర్భిణి ఎవరి లెక్కలోకీ రాదు.

గర్భిణుల పరీక్షల్లో రక్తపోటు చూసేటప్పుడే ఈ నాలుగు మాటలూ చెప్పాలనీ, ప్రభుత్వ 102 వాహనం అవసరమైన ప్రతి గర్భిణికీ బెల్టుతో సహా అందాలనీ మన బస్తీల నుంచే అడగడం మొదలుపెడదాం.